పగ్గం పట్టిన కొక్కెం

1968 వానాకాలంలో నన్ను నిజామాబాద్ ఆసుపత్రికి లింబ్ ఫిట్టర్‌గా వేశారు. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకు కృత్రిమ అవయవాలు కొలిచి, చేసి, అమర్చడం నా పని. ఆపరేషన్ డాక్టరు గారిది, ఆ తర్వాతి బాధ్యతంతా నాది. పూనాలో శిక్షణ ముగించుకుని అప్పుడే వచ్చాను కనుక నాకు తెలియనిది లేదన్న ధీమా బాగానే ఉండేది.

అక్కడ నాకు వచ్చిన మొదటి చేతి కేసు ఎడపల్లి లింబన్నది. బెల్లం గానుగలో చెరుకు పెడుతుండగా ఎడమ చెయ్యి నలిగి ముంజేయి సగం వరకు పోయింది. అతనికున్నది ఒక జత ఎద్దులు, ఒక బండి. సీజనులో చక్కెర ఫ్యాక్టరీకి రైతుల చెరుకు తోలడమే బతుకుతెరువు. ఒంటిచేత్తో రెండు పగ్గాలు పట్టలేడు కాబట్టి సీజను మొదలయ్యేలోగా ఎద్దులను అమ్మేద్దామని అన్న పోశన్న పట్టుబట్టాడు. చెయ్యి పెట్టించుకుని చూస్తానని లింబన్న నా దగ్గరికి వచ్చాడు.

ఐదు వేళ్ళ చెయ్యి చూడటానికి బాగుంటుంది కాని పట్టు తక్కువ. అందుకే పనివాళ్ళకు రెండు దవడల ఇనుప కొక్కెం ఇచ్చేవాళ్ళం. మొండిచేతికి తోలు తొడుగు, దాని చివర కొక్కెం, వీపు మీదుగా రెండో చంకలోకి ఒక పట్టీ, ఆ పట్టీ నుంచి కొక్కేనికి సైకిల్ బ్రేకు తీగలాంటి తీగ. భుజం ముందుకు వంచితే తీగ లాగి కొక్కెం తెరుచుకుంటుంది. వదిలితే రబ్బరు బ్యాండ్లు మూసేస్తాయి. లింబన్నను గోడకు నిటారుగా నిలబెట్టి తీగ బిగువు సరిచేశాను. మూడు రోజుల్లో అగ్గిపెట్టె, గ్లాసు, చివరికి కోడిగుడ్డు కూడా పట్టి చూపించాడు. డాక్టరు గారు మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

పది రోజులకు అన్నదమ్ములిద్దరూ తిరిగొచ్చారు. ఎద్దులను అదిలించినప్పుడల్లా పగ్గం జారిపోతోందట. ఒకసారి బండి కాలువ అంచు దాకా పోయిందట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సాధన చాలలేదని తప్పు లింబన్న మీదికే నెట్టాను. ఇంకో రెండు బ్యాండ్లు వేసి పంపాను. దాంతో కొక్కెం తెరవడానికి బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి అతని భుజం వాచింది. పగ్గం జారడం మాత్రం ఆగలేదు.

ఈసారి పోశన్న ఒక్కడే వచ్చాడు. "సారూ, మీ తప్పేం లేదు. సోమారం అంగడికి ఎడ్లను కొట్టుకపోతున్నం. గీ చెయ్యి వాపస్ తీస్కోండి" అని దాన్ని బల్ల మీద పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే సెలవు పెట్టి, ఆ చేతిని సంచిలో వేసుకుని ఎడపల్లి వెళ్ళాను. లింబన్నకు తొడిగి, బండి మీద అతని పక్కనే కూర్చున్నాను. పోశన్న వెనక ఎక్కాడు.

నాలుగు బారలు పోకముందే సంగతి కళ్ళబడింది. బండి తోలేవాడు నిటారుగా కూర్చోడు. ఎద్దులను అదిలించాలంటే బాగా ముందుకు వంగి, భుజాలు చాచి, తోకలు తాకుతాడు. ఆ వంపుకే తీగ బిగిసి కొక్కెం తెరుచుకుంటోంది. అతని సాధనకు వంక పెట్టిన నేను, గోడకు నిలబెట్టి తీసిన నా కొలతను ఒక్కసారీ అనుమానించలేదు. సిగ్గేసింది. అతన్ని వంగినట్టే కూర్చోబెట్టి, పట్టీని రెండు వేళ్ళ వెడల్పు వదులు చేశాను. అదనంగా వేసిన బ్యాండ్లు తీసేశాను. ఇక చెయ్యి పూర్తిగా చాస్తే తప్ప కొక్కెం తెరుచుకోదు.

కాలువ దారిన తిరిగి వస్తుండగా లింబన్న వెనక్కి తిరిగి పోశన్నతో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి, ముందుకు చూడకుండానే ఎడమ పగ్గం గుంజాడు. చూస్తే ఎడమెద్దు పక్క చేలో చెరుకు మీదికి మెడ చాచి ఉంది. ఎలా తెలిసిందని అడిగాను.

"తొడుగు మొండి మీద నొక్కింది సారూ. చెయ్యి ఉన్నప్పుడు గూడ గిట్లనే తెలుస్తుండె. ఇనుపదైతేంది, నా ఎద్దు గుంజుడు నాకెర్కే" అన్నాడు.

సోమవారం ఎద్దులు అంగడికి పోలేదు. ఆ సీజనంతా లింబన్నే చెరుకు తోలాడు.

కొక్కెం తెరిచి మూయడం మేము నేర్పగలం. ఏ లాగుడుకు ఏమిటి అర్థమో ఆ పని చేసినవాడి ఒంటికే తెలుస్తుంది. అందుకే ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఆసుపత్రి గోడ దగ్గర ఆఖరి కొలత తీయలేదు. బండి తోలేవాడికి బండి మీద, నేసేవాడికి మగ్గం ముందు తీశాను. ఒక్కో కేసుకు ఇన్ని రోజులేమిటని పైనుంచి మెమోలు వచ్చేవి. వాటిని ఫైలులో పెట్టుకున్నాను, పద్ధతి మార్చుకోలేదు.