ప్లంబరు వచ్చేలోపు

మా వంటింటి పైపు పగిలిన రోజున నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అచ్చుతప్పులు దిద్దుకుంటూ బతికినవాణ్ణి నేను. కామా ఒకటి పక్కకి జరిగిందంటే ప్రెస్సు దద్దరిల్లేలా అరిచేవాణ్ణి. అంతటివాణ్ణి, సింకు కింద నుంచి నీళ్ళు ఎగజిమ్ముతుంటే చేతిలో ఉన్న దినపత్రికని అడ్డం పెట్టి నిలబడ్డాను. మా ఆవిడ నన్నొక చూపు చూసింది. ఆ తర్వాత మెట్ల దగ్గరికి పరుగెత్తి, "టైలరమ్మా!" అని కేక పెట్టింది.

టైలరమ్మ సరిగ్గా మా నెత్తి మీద వాటాలో ఉండేది. గబగబా దిగి వచ్చింది. వచ్చీ రావడంతోనే నా వైపూ చూడలేదు, నీళ్ళ వైపూ చూడలేదు. గుమ్మం దగ్గర పొడిగా ఉన్న కాళ్ళపట్టా మీద నిలబడి కరెంటు మెయిన్ స్విచ్చి కిందికి లాగింది. అప్పుడు సింకు కింద చెయ్యి పెట్టి వాల్వు తిప్పబోయింది. అది బిగుసుకుపోయి ఉంది.

"దీన్ని ఎప్పుడైనా కదిపారా అన్నయ్యగారూ?"

అలాంటిది ఒకటి మా ఇంట్లో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. డాబా మీద ఏ వాటాకి ఏ వాల్వో ఆవిడకి తెలుసు. పైకెళ్ళి మాది తిప్పేసి వచ్చింది. అయినా పైపులో ఉన్న నీళ్ళు ఊరుకోవు కదా, చిమ్ముతూనే ఉన్నాయి. స్నానాలగదిలో అన్నిటికంటే కిందున్న కుళాయి తిప్పి వదిలింది. నీళ్ళు అటు దారి పట్టాయి, ఇక్కడ జోరు తగ్గింది. అప్పుడు పగులు మీద సైకిలు ట్యూబు ముక్క వేసి, దాని మీద గుడ్డపట్టీని లాగి లాగి చుట్టి, చివర ముడి వేసింది. ఇంకా ఒక్కొక్క చుక్కా పడుతుంటే, ఆ ముడికి దారం ఒకటి కట్టి, దాని రెండో కొస బకెట్టులోకి వదిలింది. చుక్క దారం పట్టుకుని మెల్లగా జారి, చప్పుడు లేకుండా నీళ్ళలో కలిసింది. నేను గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను.

"ప్లంబరు వచ్చేలోపు ఇది చాలు," అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. అంతకు ముందున్న ఇంట్లో ఒకసారి పైకప్పు కారిందట. ఎవరో ఒకరు రాకపోతారా అని గడప మీద కూర్చుని ఎదురుచూసిందట. ఎవరూ రాలేదు. కుట్టి పెట్టిన బట్టలన్నీ తడిసి, రంగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. "అప్పటి నుంచి నేను ఎవరి కోసమూ ఎదురుచూడను వదినా," అని మా ఆవిడతో చెప్పింది. ఏడుస్తూ కాదు, బొత్తాలు కుడుతూ చెప్పింది.

మధ్యాహ్నం పూట ఆవిడ మెషీను చప్పుడు మా పైకప్పులోంచి వచ్చేది. గడగడ కాసేపు, ఆగి కాసేపు. నేను కునుకు తీసేది ఆ చప్పుడులోనే. గోడల్లో నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టు వినపడేది. నిద్రకీ మెలకువకీ మధ్య, ఆ నీళ్ళూ ఆ మెషీనూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది నాకు. ఒక్కోసారి మెషీను మధ్యలో ఆగిపోయేది, ఇంక కదిలేది కాదు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తోందని మా ఆవిడ చెప్పేది. ఏం చూస్తోంది అంటే చెప్పేది కాదు.

ప్లంబరు సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కలకంతా అతనొక్కడే. ఎప్పుడు ఫోను చేసినా "దారిలో ఉన్నానండీ" అనేవాడు. ఏ దారో, ఎంత పొడవో ఎవరికీ తెలియదు. అందుకని పిల్లల దగ్గర నుంచి పెద్దల దాకా అందరం అతన్ని 'దారిలో' అనే పిలిచేవాళ్ళం. పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అని మా ఆవిడ అడిగితే, "అదీ దారిలో ఉందేమోనమ్మా" అన్నాడు. పని మాత్రం చేతికి కళ్ళున్నట్టు చేసేవాడు.

మా పైపు బాగు చెయ్యడానికి ఆ సాయంత్రానికి వచ్చాడు. సింకు కింద మోకాళ్ళ మీద కూర్చుని, టైలరమ్మ కట్టిన కట్టుని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. సంచీలో కత్తి ఉంది. దాంతో ఒక్క కోత కోస్తే పోతుంది. కొయ్యలేదు. గోళ్ళతో ముడి విప్పాడు, ఒక్కొక్క చుట్టూ విప్పాడు, పట్టీని పిండి, చుట్టగా చుట్టి, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ చేతికిచ్చాడు.

"ఎలా కట్టారండీ? చుక్క బయటికి పోలేదు."

"మీరొచ్చేలోపు ఆగాలి కదా అని."

అంతే. ఆ తర్వాత ఏ వాటాలో ఏ పైపు పగిలినా ఇదే తంతు. ముందు ఆవిడ, తర్వాత అతను. అవే రెండు మాటలు, కొంచెం అటూ ఇటూ. ఇదంతా పైపుల గోలే అనుకున్నాను నేను. మా ఆవిడ నవ్వింది. "అక్షరం తప్పు పోతే పట్టుకుంటారు గానీ, ఇద్దరు మనుషులు మీ ఎదురుగా నిలబడితే మీకేం కనపడదు," అంది. నాకు ఒళ్ళు మండింది. మండినా, ఆ తర్వాతసారి చూశాను. పట్టీ చేతిలోకి తీసుకున్నాక ఆవిడ వెంటనే పైకి వెళ్ళలేదు. అతను పని ముగించేదాకా గోడకి ఆనుకుని నిలబడింది. తలుపులోంచి పడుతున్న ఎండ ఆవిడ పాదాల దగ్గరి నుంచి మెల్లగా గోడ ఎక్కింది.

ఇదిలా సాగితే బాగుండేది. కానీ మా వాటాలవాళ్ళు మామూలు ఘటాలు కాదు. ఆవిడ కట్టు చెక్కుచెదరకుండా ఆగేసరికి, "ఆగిందిగా, ఇప్పుడే ప్లంబరెందుకు? చూద్దాంలే" అనడం మొదలైంది. ఒక వాటా చూసి ఇంకో వాటా. పై అంతస్తు మాస్టారి స్నానాలగది పైపుకి నీలం చొక్కా గుడ్డ. నర్సమ్మగారి సింకు కింద పూల కర్టెను ముక్క. మెట్ల పక్కన నిలువు పైపుకి పిల్లల యూనిఫారం గుడ్డ. మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే ఇల్లంతా ఎవరో చిన్నపిల్లకి బట్టలు తొడిగినట్టు కనపడేది. చూడ్డానికి ముచ్చటే.

"ఇది ప్లంబరు వచ్చేలోపే. ఆయన్ని పిలవండి," అని ఆవిడ ప్రతి ఇంట్లోనూ చెప్పేది. రెండు రోజులాగి, ఏదో వేరే పనిమీద వచ్చినట్టు వచ్చి, "పిలిచారా?" అనేది. పిలుస్తాం పిలుస్తాం అనేవాళ్ళు. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయేది. పోనీ కట్టు వదులుగా కట్టు అని మా ఆవిడ టైలరమ్మ చెవిలో చెప్పి చూసింది. "అలా ఎలా కడతాను వదినా? చేతకాదు నాకు," అంది.

ఒక రోజు పిలవకుండానే వచ్చాడు మన 'దారిలో'. నేను మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాను. యూనిఫారం గుడ్డ చుట్టిన పైపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"వెళ్ళొస్తాను సార్. పక్క ఊళ్ళో ఆస్పత్రిలో పని దొరికింది. ఉండడానికి గది కూడా వాళ్ళే ఇస్తారట. శుక్రవారం పొద్దున బస్సు."

"అదేమిటయ్యా! మా గతేంగాను?"

"మీకేం సార్. టైలరమ్మగారు ఆపేస్తున్నారుగా అన్నీ." ఆ ముడిని వేలితో ఒకసారి తడిమాడు. "ఆవిడకి నేను రానక్కర్లేదు లెండి."

చివరి మాట నాతో అన్నట్టు లేదు. పైన మెషీను చప్పుడు ఆగింది. ఆ రోజంతా మళ్ళీ వినపడలేదు.

మా ఆవిడ పైకెళ్ళి మాట్లాడి వచ్చింది. "నాకేం సంబంధం వదినా, ఎవరి బతుకు వాళ్ళది" అందట టైలరమ్మ. అంటూనే చేతిలో ఉన్న చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టి పెట్టిందట. మా ఆవిడ మంచం మీద కూలబడింది.

"ఇప్పుడు వెళ్ళాడంటే మళ్ళీ రాడండీ. వెళ్ళొద్దని ఈవిడ అనదు. వెళ్ళనా అని అతను అడగడు. మిగిలిన బతుకంతా ఆ మెషీను ముందు ఒక్కత్తీ కూర్చుంటుంది."

"నేను వెళ్ళి చెప్పనా?"

"మీరా? మీరు చెబితే అతను ఇవాళే బస్సెక్కుతాడు."

శుక్రవారం పొద్దున నేను పేపరు చదువుతుంటే పేజీ మధ్యలో టప్పున నీటిచుక్క పడింది. తల ఎత్తాను. ఇంకొకటి ముక్కు మీద పడింది. మా పైకప్పు చెమ్మగిల్లి, అర్ధచంద్రంలా నల్లబడుతోంది. టైలరమ్మ ఇంట్లో నీళ్ళు! లోకంలో అందరి ఇళ్ళూ మునగొచ్చు గానీ ఆ ఇల్లు మునగడమేమిటి? ఆవిడకి ఏమైనా అయిందేమోనని నా వయసు మర్చిపోయి మెట్లు ఎక్కాను.

తలుపు తీసే ఉంది. గదంతా నీళ్ళు, చీలమండ దాకా లేవు గానీ పాదం మునిగేటంత. కిటికీలోంచి ఎండ వాటి మీద పడి, ఆ వెలుగు గోడల మీదా పైకప్పు మీదా అలలు అలలుగా కదులుతోంది. కత్తిరించిన గుడ్డముక్కలు తేలుతూ గది చుట్టూ తిరుగుతున్నాయి. ఎక్కడా కంగారు లేదు. కాసేపు నేను ఎందుకొచ్చానో కూడా మర్చిపోయాను. ఆవిడ బట్టలు కత్తిరించే బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. కరెంటు స్విచ్చి కిందికి లాగి ఉంది. కుట్టడానికిచ్చినవాళ్ళ బట్టలన్నీ మేకులకి ఎత్తుగా వేలాడుతున్నాయి. చెయ్యవలసినవన్నీ చేసింది, ఒక్కటి తప్ప. వంటింట్లో పైపు ధారగా కారుతోంది.

నేను వాల్వు దగ్గరికి పరుగెత్తాను. తిప్పడం ఆవిడే నేర్పింది నాకు.

"ముట్టుకోకండి అన్నయ్యగారూ."

"ఏమ్మా, నీకేమైనా మతి పోయిందా? నా నెత్తి మీద కారుతోంది!"

"ప్లంబరుని పిలవండి."

అప్పుడు చూశాను. బల్ల మీద ఆవిడ పక్కన గుడ్డపట్టీ ఉంది. చిరిగింది కాదు, తెగింది కాదు. చక్కగా మడత పెట్టి ఉంది. అచ్చుతప్పులు పట్టేవాణ్ణి కదా, అది మాత్రం ఒక్క చూపులో అర్థమైంది. ఫోను చేశాను.

"బస్టాండులో ఉన్నాను సార్," అన్నాడు. మొదటిసారి ఉన్న చోటు చెప్పాడు.

"టైలరమ్మ ఇంట్లో పైపు పోయిందయ్యా. ఇల్లంతా నీళ్ళు."

"ఆవిడ కట్టలేదా?"

"లేదు."

అవతల బస్సుల హారన్లు, ఎవరో ఏవో ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. "ఎందుకని?" అన్నాడు చివరికి.

"నన్నడుగుతావేమిటి? వచ్చి ఆవిణ్ణే అడుగు!" అని అరిచి పెట్టేశాను.

అతను రావడం నేను చూశాను. ఎన్నడూ తొందరపడని మనిషి వీధి మలుపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. భుజానికి బట్టల సంచీ, చేతిలో పనిముట్ల సంచీ. గుమ్మంలో చెప్పులు వదిలి నీళ్ళలో దిగాడు. ఆవిడ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళి పైపు తడిమాడు. ఆ పగులు పాతది. దాని చుట్టూ గుడ్డ చుట్టిన గుర్తు ఇంకా తెల్లగా ఉంది. వెనక్కి తిరిగాడు. బల్ల మీద పట్టీ కనపడింది.

"మీ ముడి జారదు టైలరమ్మగారూ," అన్నాడు నెమ్మదిగా. "ఎవరు విప్పారు?"

"నేనే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ కళ్ళు నిండిపోయాయి. "నీళ్ళని ఆపడం వచ్చు నాకు. మిమ్మల్ని ఎలా ఆపాలో తెలియలేదు."

కింద నుంచి మా ఆవిడ "ఏమయిందండీ?" అని అరుస్తోంది. నేను పలకలేదు. ఈ వయసులో పరాయివాళ్ళ వంటింట్లో నిలబడి ఏడుస్తున్నానని ఆవిడకి చెప్పడం కూడా ఎందుకు?

అతను చెయ్యి చాపి వాల్వు తిప్పి నీళ్ళు కట్టేశాడు. తర్వాత భుజం మీది బట్టల సంచీ తీసి, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. ఆవిడ బల్ల మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.