ఫోను లైను లేని డయలప్

మొన్న ఆఫీసులో పాత ఫ్యాక్స్ మిషన్‌ను పారేసే ముందు ఎవరో ఒకసారి మీట నొక్కి చూశారు. అది కీచుమని, గరగరమని చేసిన రొదకు కుర్రవాళ్ళు చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం ఆకలేసింది. ఆ రొద వింటే నాకు సుజాత మేడం, విప్పని క్యారేజీ గుర్తొస్తాయి.

సామర్లకోట దగ్గర మా పాలిటెక్నిక్‌లో ఆవిడ కొత్తగా కంప్యూటర్ ల్యాబుకు వచ్చారు. కంప్యూటరు నుంచి రూటరుకు ఫోను చేసి రెంటినీ కలపడమే డయలప్ ప్రయోగం; దానికి మాకు ఫోను చేసే, ఎత్తే పెట్టెలు, అంటే మోడెములు రెండు, ఒక రూటరు ఉండేవి. ఫోను లైను మాత్రం ప్రిన్సిపాల్ గారి గదిలో ఒక్కటే. ఒక్క లైనుతో చేసేదెవరు, ఎత్తేదెవరు? అందుకని ఆ ప్రయోగం ఏటా చేయకుండానే విజయవంతమయ్యేది. సీనియర్ల రికార్డు చూసి, డయల్ చేసిన నంబరుతో సహా 'కనెక్షన్ వచ్చింది' అని దించేవాళ్ళం. చేతిరాత మాత్రం ఎవరిది వారిదే.

పరీక్షకు రెండు రోజుల ముందు మేడం నా రికార్డు తెరిచారు. ఆవిడ సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

"ఈ నంబరు ఎవరిదండీ?" మమ్మల్ని కూడా అండీ అనేవారు, కోపం వస్తే మరీను.

"రూటరుదండి."

"పదండి, పలకరిద్దాం."

ప్రిన్సిపాల్ గారి గదిలో నా చేతే డయల్ చేయించారు.

"రైస్‌మిల్లండి. ఎవరు కావాలండి?" అవతలి గొంతు మర్యాదగా అడిగింది. రూటరు గారున్నారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మేడం ఆ పేజీని అడ్డంగా కొట్టేశారు. "లైను లేదు, చేయలేదు అని రాసుంటే సంతకం పెట్టేదాన్నండి" అన్నారు. తర్వాత ల్యాబులో మూరెడు ఫోను వైరుతో రెండు మోడెములనూ నేరుగా కలిపారు. డయల్ టోను కోసం ఎదురుచూడొద్దని కంప్యూటరు వైపు మోడెముకు, ఫోను ఎత్తమని రూటరు వైపు మోడెముకు ఆదేశాలు మా చేతే టైపు చేయించారు. మొదటిసారి ఉలుకూ పలుకూ లేదు. ఐదుసార్లూ అంతే. భోజనాల వేళ దాటినా ఎవరూ కదల్లేదు, క్యారేజీలు విప్పలేదు. ఆరోసారి రెండు పెట్టెలూ గొంతు కలిపి కీచుమన్నాయి. తెర మీద రూటరు నన్ను పాస్‌వర్డు అడిగింది.

"ఇప్పుడు రాయండి. ఐదుసార్లు రాలేదని కూడా రాయండి."

పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన, మేడం పక్కనుండగానే, ఆ పేజీ దగ్గర ఆగారు. "ఫెయిలైనవి కూడా రాశావేంటయ్యా?"

"అయ్యాయండి" అన్నాను.

మా కాలేజీలో ఆ ప్రయోగం నిజంగా చేసిన మొదటి బ్యాచ్ మాదే. అడగనివాళ్ళకు కూడా చెబుతుంటాను. ఇప్పుడు నెట్‌వర్కులు పరీక్షించే ఉద్యోగం నాది. నా రిపోర్టుల్లో కుదరనివే ఎక్కువని మా బాసు బాధ. ఆ రోజు నా జవాబు విని మేడం కిటికీ వైపు తిరిగి నవ్వారని క్లాసులో అందరూ అంటారు. అయ్యుండొచ్చు. నేను చూడలేదు కాబట్టి రాయడం లేదు.