మా మామయ్య, ఖాళీ గదిలో ఏసీ

ఖాళీ గదిలో ఏసీ నడుస్తోందంటే మా మామయ్యకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఇప్పుడు హోటళ్ళలో తలుపు పక్కనున్న కార్డు లాగితే గదిలో అన్నీ ఆగిపోతున్నాయి. మా రోజుల్లో ఆ కార్డు మామయ్యే.

ఆయన మా హోటల్లో గదుల సూపర్‌వైజరు. నేను రిసెప్షన్లో కూర్చునేదాన్ని. అతిథి కాఫీకని కిందికి దిగితే చాలు, మారుతాళంతో వెళ్ళి ఏసీ, ఫ్యాను, లైటు కట్టేసి వచ్చేవాడు. మొగుడూ పెళ్ళాం చెరో దీపం వేసుక్కూర్చుంటే, గొడవపడ్డారా అని ఆరా తీసేవాడు. స్టాఫంతా ఆయన్ని 'కరెంటు కోత' అని పిలిచేవాళ్ళు. ఒకసారి ఒకాయన స్నానం చేస్తుండగా, గది ఖాళీ అనుకుని అన్నీ ఆపేశాడు. ఆ పెద్దమనిషి తువ్వాలు చుట్టుకుని, ఒంటినిండా సబ్బుతో కిందికొచ్చి నిలబడ్డాడు.

మామయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "వచ్చేటప్పుడు కొళాయి కట్టేశారాండీ?" అని అడిగాడు.

ఆ దెబ్బతో సంగతి ఓనరుదాకా వెళ్ళింది. ఇంకొక్క ఫిర్యాదొస్తే ఇంటికి పంపించేస్తానన్నాడు. ఆ వారమే స్వయంగా వచ్చి, మొదటి అంతస్తులో వెనకవైపు గదిలో దిగాడు. ఈ ఒక్కరోజుకీ చేతులు కట్టుక్కూర్చోమని మామయ్యని బతిమాలాను. సరేనన్నాడు. ఓనరు భోంచేసి పైకెళ్ళేసరికి గది కుంపటిలా ఉంది.

మామయ్యకి పిలుపొచ్చింది. నేనూ వెనకే వెళ్ళాను. మామయ్య ఏసీ వేసి, కిటికీ తెరిచి, ఓనరుని కిందికి చూడమన్నాడు. వెనక సందులో, ఏసీ పెట్టెలు వేడిగాలి కక్కే చోట, రేకు కింద మా దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ మోచేత్తో మొహం తుడుచుకుంటోంది.

"మీరు గదిలో ఉంటే తప్పదండీ, మీకూ చల్లగా ఉండాలి. లేనప్పుడైనా ఆవిణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వాలి కదా."

మేమంతా అన్నేళ్ళూ దాన్ని పిసినారితనమే అనుకున్నాం.

"మరి దీపాలెందుకు ఆర్పడం?" అన్నాడు ఓనరు.

"అది అలవాటైపోయిందండీ."

ఓనరు మళ్ళీ ఉద్యోగం ఊసెత్తలేదు. ఆ పెట్టెలన్నీ డాబా మీదికి ఎక్కించాడు. సందు చల్లబడింది. అతిథులకిక సుఖమేననుకున్నాను. వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను, గదిలో ఏసీ ఎవరో ఆపేశారని.

"ఇప్పుడు ఆవిడకి సెగ తగలట్లేదు కదా, ఇంకా ఎందుకు మామయ్యా?" అని నిలదీశాను.

"డాబా మీద పావురాలు గూడు పెట్టుకున్నాయమ్మా," అన్నాడు.