మిర్కాబ్ మూడో అంతస్తులో నార్మన్ల చుట్టరికం

"నాలుగో తరం తప్పు. ఆధారం చూపండి, లేదా ఆ అధ్యాయం తీసేయండి" అని మా గైడుగారి ఉత్తరం బుధవారం వచ్చింది. ఆదివారంలోగా సరిచేసి పంపకపోతే నా దూరవిద్య ఎం.ఏ. గడువు అయిపోతుంది, నాలుగేళ్ల చదువు గోదాట్లో కలుస్తుంది. నేను కువైట్‌లో నర్సుని, మాది రాజోలు. నా పరిశోధన మాత్రం వెయ్యేళ్ల కిందట ఉత్తర ఫ్రాన్సులో బతికిన ఒక నార్మన్ ప్రభువుల కుటుంబం మీద. నీకెందుకే ఈ గొడవ అని హాస్టల్లో అందరూ అడిగారు. ఏం చెప్పను, చిన్నప్పట్నుంచీ నాకు చుట్టరికాల పిచ్చి. పెళ్లికెళ్తే భోజనానికి ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకునేదాన్ని.

ఆ కుటుంబం రాయించిన దానపత్రాలన్నీ అచ్చువేసిన పుస్తకం ఒకటుంది. అది కువైట్ సిటీలో, మిర్కాబ్‌లో ఒక రిటైర్డ్ కువైటీ చరిత్ర టీచరుగారి మూడో అంతస్తు ఇంట్లో ఉందని నాకు తెలుసు. మోకాలి ఆపరేషన్‌కి మా వార్డులో చేరినప్పుడు ఆవిడే చెప్పారు. ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మన్నారు. మా హాస్టలున్న అర్దియాలో పదింటికి బస్సెక్కాను, టికెట్టు మూడు వందల ఫిల్సులు. గైడుగారి మీద కోపంలో దిగాల్సిన చోట దిగకుండా షర్క్ చేపల మార్కెట్ దాకా పోయాను. అక్కణ్ణుంచి టాక్సీకి దీనారున్నర. డ్రైవరుది రాయచోటి.

"శుక్రవారం పొద్దన మిర్కాబ్‌లో ఏముంటాది మేడం, అంగళ్లన్నీ మూసింటారు."

"నార్మన్ల గురించి చూసుకోవాలండి."

"ఏ కంపినీ వాళ్లు?"

"కంపెనీ కాదండి, పోయి వెయ్యేళ్లయింది."

ఆయన అద్దంలో నా వంక ఓసారి చూసి, రేడియో సౌండు పెంచాడు.

టీచరుగారు పుస్తకం నా ముందు పెట్టి, మధ్యాహ్నం నమాజుకి లోపలికెళ్లారు. చిక్కంతా ఒక్క పత్రంలో ఉంది. నాలుగో తరంలో హ్యూ అనే ప్రభువు తాతల నాటి నీటిమరను మఠానికి దానమిచ్చాడు. అతని పేరు పక్కనే 'అడెలీజా సమ్మతితో' అని ఉంది. ఆవిడ అతని మేనత్త కూతురు, ఆ మేనత్త అప్పటికే పోయింది. మేనత్త కూతురు, పైగా పత్రంలో పక్కనే పేరు, ఇంకేం కావాలి? ఇద్దర్నీ మొగుడూ పెళ్లాల్ని చేసి, ఒక కొడుకుని కూడా అంటగట్టాను. మా అమ్మానాన్నలదీ మేనరికమే మరి. తీరా పుస్తకం ముందుమాట చదివితే, ఆ రోజుల్లో అక్కడి చర్చి ఏడు తరాల దాకా చుట్టాల మధ్య పెళ్లి ఒప్పుకోలేదట. పెళ్లాం కాకపోతే ఆవిడ పేరు అక్కడెందుకుంది? దానికి జవాబు దొరక్కపోతే అధ్యాయం మొత్తం పోతుంది.

అప్పుడే ఆ ఇంట్లో వంటచేసే రమణమ్మక్క అన్నం పళ్లెం తెచ్చింది. ఆవిడది లక్కిరెడ్డిపల్లె దగ్గర.

"ఏమైంది పాపా, మొగం అట్ల పెట్టినావు? మామా ఏమన్నా అన్న్యాదా?"

'మామా' అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు, మా టీచరుగారే. జరిగింది చెప్పాను. చేతులు తుడుచుకుని నా కాగితం మీదికి వంగింది.

"ఆ మర ఎవురిది?"

"వాళ్ల తాతది అక్కా."

"అయితే ఆయమ్మకూ భాగముండాది గదా. మా మామ కొడుకు మా తాత చేను అమ్మేటప్పుడు నన్ను ఆటోలో పిల్చకపోయి సంతకం పెట్టిచ్చినారు. మాయమ్మ లేదు గదా, ఆయమ్మ తరపున నేను. రేపొద్దన కేసెయ్యకుండా. అంతమాత్రాన వానికి పెండ్లామైతానా?"

గబగబా పేజీలు తిప్పాను. ఇంకో నాలుగు పత్రాల్లో అక్కచెల్లెళ్లూ, మేనల్లుళ్లూ అందరూ అలాగే సమ్మతించారు. నమాజు నుంచి వచ్చిన టీచరుగారు విని నవ్వారు. "మేమైతే చిన్నాన్న కూతుర్ని చేసుకుంటాం, మీరు మేనత్త కూతుర్ని. ఎవరి ఇంటి కళ్లతో వాళ్లు చదువుతాం" అన్నారు ఇంగ్లీషులో.

శనివారం సరిచేసి పంపాను. ఆదివారం సాయంత్రం గైడుగారు "సరిపోయింది" అని ఒక్క ముక్క రాశారు. ఆ ముక్క చూసి వార్డులోనే ఏడ్చేశాను. పుస్తకం ఇచ్చింది ఒకరు, చదవడం నేర్పింది ఇంకొకరు. ఏరు దాటాక తెప్ప తగలేసే మనిషిని కాను, ఇద్దరికీ రుణపడి ఉన్నాను. మీరూ ఇలాంటి పని మీద శుక్రవారం సిటీకి వెళ్తే తొమ్మిదిలోపే చేరుకోండి, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. నమాజు వేళకి తెరిచిన అంగడి దొరకదు.

బైండు చేయించే ప్రతి మొదటి పేజీలో తన పేరు రాస్తానని రమణమ్మక్కకి ఫోన్ చేశాను.

"నాదెందుకు పాపా, పాస్‌పోర్ట్‌లో ఉండాది, ఇఖామా కార్డులో ఉండాది. ఆ చేను రాళ్లేరి చదును చేసింది మా అవ్వ. కాగితంలో తాత పేరుండాది, అవ్వ పేరు యాడా లేదు. ఆయమ్మది రాయి."

"పేరు చెప్పక్కా."

"ఓబులమ్మ."

రాశాను.