అరచేతి మడులకు నీటి వంతు

మొన్న పాత డైరీలను ఏడాది వారీగా పెట్టెలో సర్దుతుంటే అన్నిటికంటే అడుగున ఒక సన్నని నోటుపుస్తకం దొరికింది. దాని మొదటి పేజీలో ఎండిన మట్టి వేలిముద్ర కనబడగానే, ఈ వయసులోనూ నా మనసు ఒక్క గంతు వేసి నెల్లికుదురు దగ్గరి మా కాలువ గట్టు మీద వాలింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో బళ్లు మూతపడిన రోజులవి. మీకూ గుర్తుండే ఉంటుంది, సెలవులకు అంతు లేదు, ఆటలకు అంతకన్నా లేదు. అక్కా నేనూ కాలువ పక్కన ఒక ఊరే కట్టాము: మట్టి ఇళ్లు, తుమ్మముళ్ల కంచెలు, జొన్నబెండ్ల బండ్లు, నులక మంచమంత చెరువు, దాని కింద అరచేతంత మడులు. నాయిన నారు పోయగా మిగిలిన మొలక వడ్లు వాటిలో చల్లితే నాలుగో రోజుకే సూదుల్లా పచ్చగా లేచి మమ్మల్ని పిచ్చివాళ్లను చేశాయి. అంతలోనే ఎండకు చెరువు ఇంకిపోయి మొలకల కొనలు ఎర్రబడ్డాయి. చెంబుతో పోస్తే మడులే కొట్టుకుపోతున్నాయి. ఎలాగైనా వాటిని బతికించాలని కాలువకు గండి కొట్టాము, ఆ పూట నీటి వంతు చిన్నాయినదన్న మాటే మరిచి.

"నా వంతుల గండి కొట్టింది ఎవడ్రా? మీ ఆటలు మన్నువడ!" అంటూ చిన్నాయిన వచ్చి మా ఊరి మీదికి కాలెత్తాడు. అక్క చెరువుకట్టకు అడ్డంగా కూర్చుంది. అప్పుడే పార భుజాన వేసుకుని, ఊరందరికీ చెరువునీళ్లు వంతుల ప్రకారం పంచే నీరటి తాత వచ్చాడు.

"ఆగు పటేలా, ఊరన్నంక పెద్దమనిషి ఉండాలె గద. ఈ ఊరికి పెద్ద ఎవరు?"

"నేనే," అంది అక్క.

"మరి అడగకుంట నీళ్లెట్ల తీస్తివి బిడ్డా?"

"అడిగితే ఇస్తవా తాతా?"

చిన్నాయినకు నవ్వాగలేదు. గండి పూడ్చాలి, చిన్నాయిన పొలంల కొసమడి తడిసినంకనే మీ వంతు, అని తాత తీర్పు చెప్పాడు. ఇక చూడండి, పారే నీళ్ల వెంట గట్ల మీద ఎంత పరుగు, ఒక్కో మడి నిండుతుంటే ఎన్ని కేకలు! పొద్దు వాలేవేళకు కొసమడి తడిసింది. తాత పారకొసతో వేలెడు దారి తీశాడు. నీళ్లు మా చెరువులో దిగి, తూముగా పెట్టిన బొప్పాయి కాడలోంచి మడుల్లోకి మెల్లగా పాకాయి.

"రాసుకో కొడుకా, రేపు మల్ల లొల్లి వద్దు," అన్నాడు. నేను వంతు రాస్తే, చదువు రాని తాత మట్టి బొటనవేలితో ముద్ర వేశాడు. నా డైరీలన్నిటికీ అదే మొదటి పేజీ.

ఇప్పుడక్కడ మీట నొక్కితే బోరు పోస్తుంది. ఎవరి వంతు కోసమూ ఎవరూ ఆగనక్కరలేదు, నీళ్ల వెంట ఎవరూ పరుగెత్తరు. పేజీలు తిప్పి చూశాను. మూడు వంతుల తర్వాత అన్నీ తెల్ల కాగితాలే; అప్పటికి బళ్లు తెరిచారు. ఇన్నేళ్లుగా అన్నీ పద్ధతిగా రాసుకున్న నేను, ఆ మొలకలు ఏమయ్యాయో మాత్రం రాసుకోలేదు.