కాల్లో కట్టిన సారువ

పామిడిలో ఎక్కడ గోడ లేచినా, దాని పక్కన శ్రీరంగప్ప కట్టిన సారువ లేవాల్సిందే. వెదురు బొంగులకు తాళ్లు బిగించి, మేస్త్రీలు నిలబడడానికి గాలిలో పలకలు పరిచే పని అతనిది. పని ముగిశాక వేలి గణుపులతో గోడను కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గోడ గట్టిగా పలికితేనే ముడి విప్పేవాడు. కట్టిన చెయ్యే విప్పాలని అతని పట్టు.

నిరుడు ఆ సారువ మీంచే జారిపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగి చీము పట్టింది. అనంతపురంలో డాక్టర్ వనజాక్షి చెడిన ముక్కను తీసేసరికి, ఎముకలో రెండు వేళ్ల వెడల్పు ఖాళీ మిగిలింది. అది పూడకపోతే కాలు దక్కదు.

"ఆ ఖాళీలో చిల్లుల దిమ్మె పెడతాను. దాంట్లోని మందు క్రిములను చంపుతుంది. చిల్లుల్లోకి నీ ఎముకే పాకుతుంది. నీ సారువ లాంటిదే," అందామె. బయట కాలి చుట్టూ ఇనుప కమ్మీలు బిగించింది.

శ్రీరంగప్ప ముఖం వెలిగిపోయింది. "లోపలొకటి, బయటొకటి! లోపలి సారువ ఎప్పుడు విప్పుతారు మేడమ్?"

"విప్పేదేం లేదు. మెల్లగా అదే కరిగిపోతుంది."

"కరిగిపోతాదా! గోడ లేసిందో లేదో చూడకుండానే సారువ పోతే ఎట్లమ్మా?"

"ఒరే రంగా, నీ కాలేమన్నా మూడంతస్తుల మేడనా?" అని అక్క గంగక్క పకపకా నవ్వింది.

ఏడాదిపాటు పొద్దున లేవగానే కాలిని మెల్లగా కొట్టి విన్నాడు.

"పలికిందా?" అనేది గంగక్క.

"ఇంకా పచ్చిగా ఉండాదక్కా."

కమ్మీలు తీసిన రోజు, ఎక్స్‌రేలో ఖాళీ ఉన్నచోట తెల్లటి ఎముక వెన్నెల పోసినట్టు నిండింది. "ఇంక నిలబడు," అంది వనజాక్షి. శ్రీరంగప్ప కదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, వంగి, గణుపులతో కాలిని కొట్టాడు.

"పలికిందక్కా! గోడ లేసింది!" అని ఒక్క ఊపున లేచాడు.

"నీ మొగం మండ, నువ్వు కొట్టింది మంచి కాలురా!"

శ్రీరంగప్ప కళ్లు తెరిచి కిందికి చూశాడు. రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. వెంటనే మంచి కాలు పైకెత్తి, అతుక్కున్న కాలి మీద కొంగలా నిలబడ్డాడు. దించమని డాక్టర్ అరుస్తోంది. అతనికి నవ్వు ఆగడం లేదు.