అన్న చేతి ఎర్ర పీలిక

నేను పాలిటెక్నిక్ పూర్తి చేసిన ఏడాది, బిలోలి నుంచి నాందేడ్ వస్తున్న బస్సు కల్వర్టు మీంచి పడిపోయింది. మా అన్న అందులో ఉన్నాడు. కబురు విని ఆసుపత్రికి పరుగెత్తేసరికి దెబ్బలు తగిలినవాళ్లతో వరండా నిండిపోయి ఉంది.

డాక్టరు ఒక్కడే, ఆపరేషన్ బల్లా ఒక్కటే. ఎవరు ముందు లోపలికి పోవాలో తేల్చేది ఒక మరాఠీ నర్సు. ఆమె పద్ధతి చూడగానే అర్థమైంది. ముందు నాడి, తర్వాత కనురెప్ప, ఆపైన కడుపు. ఆలస్యమైతే దక్కరనుకున్నవాళ్ల మణికట్టుకు ఎర్రమందులో తడిపిన గాజుగుడ్డ పీలిక కడుతోంది. అది ఉన్నవాళ్లనే వార్డుబాయ్‌లు ముందు మోసుకుపోతున్నారు.

అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. నర్సు అతని కడుపు నొక్కి చూసి, ఎందుకో చెప్పకుండానే పీలిక కట్టింది. రక్తం ఎక్కించాల్సి వస్తుందని, నా రక్తం పరీక్షకు ఇచ్చి రమ్మని పంపింది.

తిరిగొచ్చేసరికి అన్న మణికట్టు ఖాళీగా ఉంది.

"పీలిక ఏదీ, అన్నా?"

"గా అవ్వకిచ్చిన తమ్మీ. పీర్లకాడ కట్టే దారమనుకున్నది. కాలిరిగి కొడుకు నొప్పికి ఒర్రుతుండె. ‘నువ్వు నిమ్మలంగున్నవ్ గద బిడ్డా, గది నా కొడుక్కియ్యరాదా?’ అన్నది."

"అది దేవుని దారం గాదే."

"ఏమో. నాకు నొప్పి లేదు. నిద్రొస్తున్నది."

నేను ఆపరేషన్ గది తలుపు బాదాను. నర్సు బయటికొచ్చి అన్న ముఖం చూసింది, ఖాళీ మణికట్టు చూసింది. ఆ పీలికతో బల్ల మీదికి చేరిన కాలిరిగిన యువకుణ్ణి దింపించి వరండాలో పడుకోబెట్టించింది. అన్నను మేమిద్దరం మోసుకుపోయాం.

బయట ఆ యువకుడి తల్లి నా పక్కన కూలబడింది. కొడుకు చేతి పీలిక విప్పి నా వైపు చాపింది.

"నాకేం ఎరుక కొడుకా. మీ అన్నకు కట్టిరాపో."

అన్న అప్పటికే బల్ల మీద ఉన్నాడని చెప్పాను. పీలిక ఆమె చేతిలోనే ఉండిపోయింది. చాలాసేపటికి డాక్టరు తలుపు తీసి, కడుపులో రక్తం ఆగింది, బతుకుతాడు అన్నాడు.

నేనింకా కదలనే లేదు. ఆమె అప్పటికే ఆ పీలికను తన కొడుకు చేతికి మళ్లీ కడుతోంది.

"ఇగ నా కొడుకును తీస్కపొండ్రి సారూ."